కోడి ఈక, ఊలు, రాగి తీగ: ఇంట్లోనే ఫిషింగ్ ఫ్లైలు కట్టుకోవడం ఎలా?

"కొన్న ఫ్లైలు పొదలకు చిక్కి పోతున్నాయి, ఇంట్లో కట్టుకోవచ్చా? ఆ హుక్కు పట్టే వైస్, దారం పట్టే బాబిన్ లాంటివన్నీ కొనాల్సిందేనా?" ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఇదే. కట్టుకోవచ్చు. గాలాల కొట్లో కొనక తప్పనిది మంచి హుక్కు ఒక్కటే. మిగతా సామాను చికెన్ షాపు, టైలరు, మోటార్ వైండింగ్ కొట్టు, స్టేషనరీ షాపు తిరిగితే వచ్చేస్తుంది.

ఫ్లై అంటే తెలియని వాళ్ల కోసం ఒక్క మాట. హుక్కు మీద ఈకలు, ఊలు, ఫోమ్ లాంటివి దారంతో బిగించి, పురుగులానో చిన్న చేపపిల్లలానో కనిపించేలా తయారుచేసే ఎర అది. వానపాము, పిండిముద్ద లాంటివి గుచ్చే పని ఉండదు.

చేతితో కట్టిన ఫ్లై ఊడిపోయిందంటే తప్పు సామానుది కావడం అరుదు. దారం వదులుగా ఉండటం, సామాను ఎక్కువైపోవడం, ముందువైపు చోటు మిగల్చకపోవడం, ఈ మూడే అసలు కారణాలు. కింద చెప్పే ప్రతి మెట్టులో ఈ మూడింటినీ గమనిస్తూ ఉండండి.

1. ముందు హుక్కు

హుక్కు భాగాలకు ఈ పేర్లు వాడతాను. గాలం దారం, అంటే లైన్, ఎక్కించే రంధ్రం బెజ్జం. నిటారుగా ఉండేది కాడ. కాడ తిరిగే చోటు వంపు. చివర మొన, దాని వెనక ఎదురు తిరిగి ఉండేది ముల్లు. మొనకూ కాడకూ మధ్య ఖాళీ నోరు.

గాలాల కొట్లో రెండు రకాలుంటాయి. కొన్నిటికి బెజ్జం ఉంటుంది, కొన్నిటికి బెజ్జం బదులు కాడ చివర చదునుగా కొట్టి ఉంటుంది. చదును రకం మన పనికి రాదు.

సైజు అంకె పెరిగే కొద్దీ హుక్కు చిన్నదవుతుంది. 6 కన్నా 10 చిన్నది. 1 దాటాక 1/0, 2/0 అంటూ లెక్క తిరగబడి, అక్కడ అంకెతో పాటు హుక్కూ పెరుగుతుంది. నేర్చుకునేటప్పుడు 6 లేదా 8, పొడవు కాడ ఉన్నది తీసుకోండి. 14, 16 జోలికి ఇప్పుడే వెళ్తే కుట్టు దారం లావు వల్లే విసుగొస్తుంది.

కొనేముందు చూడాల్సినవి:

- బెజ్జం పూర్తిగా మూసుకుందా? సన్నని సందు ఉన్నా లైన్ తెగుతుంది.
- మొనను గోటి మీద ఆనించి మెల్లగా లాగితే జారకుండా పట్టాలి.
- తుప్పు మచ్చ ఉంటే పక్కన పెట్టేయండి.

ఇంటికి తెచ్చాక, కట్టడం మొదలుపెట్టక ముందే ముల్లును ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. చేపను వదిలేయడం తేలిక, మీ వేలికి గుచ్చుకున్నా తీయడం తేలిక. నొక్కేటప్పుడు హుక్కు విరిగితే ఇప్పుడే విరుగుతుంది, కట్టిన ఫ్లై వృథా కాదు.

2. పనిముట్లు: ఉన్నవాటితోనే

*హుక్కును పట్టుకోవడానికి:* హార్డ్‌వేర్ షాపులో వైస్ గ్రిప్ అని అడిగితే ఇచ్చే లాకింగ్ ప్లయర్ చాలు. పిడికి గుడ్డ చుట్టి, సి క్లాంపుతో టేబుల్ అంచుకు బిగించండి. దవడల్లో గాళ్లు ఉండి హుక్కు జారుతుంటే, కూల్‌డ్రింక్ టిన్ను నుంచి కత్తిరించిన చిన్న రేకుముక్కను మడిచి మధ్యలో పెట్టండి. చిన్న టేబుల్ వైస్ ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

*దారం బిగువుగా వేలాడటానికి:* బారెడు దారం కుట్టుమిషన్ బాబిన్‌కు చుట్టి, దాన్ని బట్టల క్లిప్పుతో పట్టించండి. చేతులు తీసేసినా ఆ బరువుకు దారం వదులవ్వదు. ఈ పని మీకు నచ్చి కొనసాగిస్తే మొట్టమొదట కొనాల్సింది ఫ్లై బాబిన్ హోల్డర్. వైస్ తర్వాత చూసుకోవచ్చు.

*ఈక చివర పట్టుకోవడానికి:* ఎలక్ట్రికల్ షాపులో దొరికే మొసలి క్లిప్పు. పళ్లు ఈకను కొరకకుండా సైకిల్ ట్యూబు ముక్క తొడగండి.

*ముడి వేయడానికి:* రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ ముక్కు. దాని రంధ్రంలో హుక్కు బెజ్జం దూరాలి, అంతే.

*కత్తెర:* సన్నని మొన ఉన్నది ఒకటి, ఈకలకీ దారానికీ మాత్రమే. రాగి తీగను దాంతో ఎప్పుడూ కత్తిరించొద్దు. తీగకు పాత నెయిల్ కట్టర్ బాగా పనికొస్తుంది.

ఇవి కాక పెన్సిల్ వెనక రబ్బరులో గుచ్చిన సూది, రంగులేని నెయిల్ పాలిష్, కొవ్వొత్తి ముక్క, మంచి టేబుల్ లైటు. హుక్కు వెనకాల తెల్ల కాగితం పెట్టుకుంటే కంటికి శ్రమ సగం తగ్గుతుంది.

3. సామాను ఎక్కడ దొరుకుతుంది?

*దారం:* సన్నని పాలిస్టర్ కుట్టు దారం. నూలు దారం వద్దు, తడిసి కుళ్లుతుంది. కట్టే ముందు కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే మైనం పట్టి జారదు.

*ఒంటికి:* స్వెటర్లు అల్లే ఊలు. నలుపు, ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగులు చాలు. లావుగా ఉంటే పురి విప్పి ఒక్క పేట వాడండి.

*బరువుకి, బిగింపుకి:* మోటార్ వైండింగ్ షాపులో మిగిలిపోయే ఎనామిల్ రాగి తీగ. బరువుకు 24 గేజ్, పైన చుట్టడానికి 34 గేజ్ అడగండి. హుక్కుల్లాగే ఇక్కడా అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది.

*మెరుపుకి:* పాత చీర అంచు నుంచి జరీ పోగులు. రెండు మూడు పోగులు మించితే చేప బెదురుతుందని నా నమ్మకం.

*తేలడానికి:* స్టేషనరీ షాపులో దొరికే 2 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు. కాళ్లకు సన్నని రబ్బరు బ్యాండ్లు.

*ఈకలు:* వీటి దగ్గరే చాలామంది పొరబడతారు. బ్రాయిలర్ కోడిని ఆరేడు వారాలకే కోసేస్తారు కాబట్టి దానికి మెడ ఈకలు సరిగా ఎదగవు. మనకు కావాల్సింది పెద్ద నాటుకోడి పుంజు మెడ మీదా, వీపు చివరా ఉండే పొడవాటి సన్నని ఈకలు. ఆదివారం పొద్దున్నే నాటుకోళ్లు కోసే షాపుకు వెళ్లి, వేడినీళ్లలో ముంచకముందే ఆ రెండు చోట్ల ఈకలు పీకి ఇమ్మని అడగండి. వింతగా చూస్తారు గానీ ఇస్తారు. బ్రాయిలర్ ఈకలూ దండగేం కాదు. వాటి మొదట్లో ఉండే మెత్తని నూగు తోకలకు బాగుంటుంది.

అడవి పక్షుల ఈకలు మాత్రం ముట్టుకోవద్దు. లకుముకి, పాలపిట్ట ఈకలు ఎంత అందంగా ఉన్నా అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కిందికి వస్తాయి. నెమలీక వాడాలనిపిస్తే దానంతట అది రాలినదే వాడండి. విదేశాల్లో ఉన్నవాళ్లకు పంపించే ఆలోచన పెట్టుకోవద్దు, దాని ఎగుమతి నిషేధం.

4. ఈకలు సిద్ధం చేయడం

ఈ మెట్టు వదిలేస్తే నెల తిరక్కుండానే డబ్బాలో పురుగు పడుతుంది.

1. జబ్బు చేసి చచ్చిన కోడి ఈకలు తీసుకోవద్దు. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.
2. గోరువెచ్చని నీళ్లలో కొంచెం షాంపూ వేసి పది నిమిషాలు నానబెట్టండి. పిండొద్దు, మెల్లగా కదపండి.
3. రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, పేపరు మీద నీడలో ఆరబెట్టండి. ఫ్యాను పెడితే ఇల్లంతా ఈకలే.
4. పూర్తిగా ఆరాక జిప్ కవర్లో పెట్టి మూడు రోజులు ఫ్రీజర్లో ఉంచండి, ఒక రోజు బయట, మళ్లీ మూడు రోజులు లోపల. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి.
5. మెడ ఈకలు, వీపు ఈకలు, నూగు ఈకలు వేర్వేరు కవర్లలో పెట్టి, ఒక్కో నాఫ్తలీన్ గోళీ వేయండి.

తెల్ల ఈకలకు రంగు కావాలంటే చిక్కటి టీ డికాషన్‌లో ముంచితే లేత గోధుమ రంగు వస్తుంది. వేడినీళ్లలో ఫుడ్ కలర్, రెండు చెంచాల వెనిగర్ కలిపితే మిగతా రంగులు పడతాయి. నీళ్లు మరగకూడదు.

5. ఫ్లై కంటే ముందు మూడు కదలికలు

హుక్కు కాడ టేబుల్‌కు సమాంతరంగా ఉండేలా, వంపు దగ్గర పట్టి బిగించండి. కుడిచేతి వాటం వాళ్లకు బెజ్జం కుడివైపు ఉండాలి. దారం ఎప్పుడూ కాడ మీదుగా మన నుంచి అవతలికి తిరగాలి. ఉత్త హుక్కు మీద ఈ మూడూ చేతికి వచ్చేదాకా చేయండి.

*దారం పట్టించడం:* దారం కొసను ఎడమచేత్తో పట్టుకుని కాడ మీద వాలుగా ఆనించండి. కుడిచేత్తో ఐదారు చుట్లు, కుడి నుంచి ఎడమకు, ఆ కొస మీదుగానే తిప్పండి. లాగితే కదలకపోతే పట్టినట్టే. మిగిలిన కొస కత్తిరించండి.

*చిటికెతో కట్టడం:* ఈకనో ఊలునో కాడ మీద పెట్టి బొటనవేలు, చూపుడువేలితో కాడతో సహా పట్టుకోండి. దారాన్ని ఆ వేళ్ల మధ్యలోంచి పైకి తీసుకెళ్లి, వదులుగా ఒక ఉచ్చులా ఉంచి, అవతలివైపు కూడా వేళ్ల మధ్యలోంచే కిందికి దించండి. అప్పుడు నిలువుగా కిందికి లాగండి. ఇలా మూడుసార్లు చేశాకే వేళ్లు తీయాలి. ముందే తీస్తే సామాను దారంతో పాటు తిరిగి కాడ పక్కకు జారిపోతుంది. తోక ఒక పక్కకు వాలిన ఫ్లై చూస్తే, కట్టినవాళ్లు వేళ్లు తొందరగా తీశారని అర్థం.

*పెన్నుతో ముడి:* వేలాడుతున్న దారాన్ని బిగువుగా పట్టుకుని, పెన్ను ముక్కును దానికి ఆనించి ఒక చుట్టు తిప్పండి. ముక్కు రంధ్రాన్ని హుక్కు బెజ్జం మీదికి తొడిగి, ఆ చుట్టును జార్చి బెజ్జం వెనక పడేయండి. లాగి బిగించండి. ఒక్క ముడి ఆగదు, నాలుగు వేయాలి.

దారం ఎంత లాగితే తెగుతుందో తెలియడానికి కావాలనే రెండుసార్లు తెంపి చూడండి. ఆ హద్దుకు కొంచెం ఇవతల ఉండేదే సరైన బిగువు.

6. మొదటి ఫ్లై: వూలీ బగ్గర్

నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. నీళ్లలో లాగుతుంటే చేపపిల్లలాగా కనిపిస్తుంది, జలగలాగా కూడా కనిపిస్తుంది. హుక్కు సైజు 8, పొడవు కాడ.

1. 24 గేజ్ తీగ ఎనిమిది చుట్లు, కాడ ముందు సగంలో. బెజ్జం వెనక రెండు బెజ్జాలంత చోటు వదిలేయండి. ఆ చోటు చివరిదాకా ఖాళీగా ఉండాలి.

2. తీగకు ముందు దారం పట్టించి, తీగ మీదుగా వెనక్కి వంపు మొదలయ్యే చోటుదాకా చుట్టండి. తీగ రెండు చివర్ల దగ్గర కాస్త ఎక్కువ చుట్లు వేస్తే జారదు.

3. నూగు ఈక నుంచి చిటికెడు నూగు తీయండి. పొడిగా ఉన్నప్పుడు బొద్దుగా కనిపించి మోసం చేస్తుంది. వేళ్లు తడి చేసి ఒకసారి దువ్వితే అసలు లావు తెలుస్తుంది. తడిగా ఉన్నప్పుడు అగ్గిపుల్లంత లావు చాలు. తోక పొడవు కాడంత. చిటికెతో కట్టండి. మిగిలిన మొదళ్లను తీగ దాకా కాడ వెంబడే కట్టి, అక్కడ కత్తిరించండి. వంపు దగ్గరే కత్తిరిస్తే అక్కడ గుంట పడి ఒళ్లు ఎగుడుదిగుడు అవుతుంది. కావాలంటే తోక పక్కన రెండు జరీ పోగులు.

4. వంపు దగ్గర 34 గేజ్ తీగ ముక్క, వేలెడంత పొడవుది, కట్టి వెనక్కి వదిలేయండి. అక్కడే ఊలు కొస కూడా కట్టండి. క్రమం గుర్తుంచుకోండి: చివర్లో చుట్టాల్సింది ముందు కడతాం. అందుకే తీగ ఊలు కంటే ముందు.

5. దారాన్ని ముందుకు, వదిలిన చోటు అంచుదాకా తీసుకెళ్లండి. ఇప్పుడు ఊలును పక్కపక్కన చుట్లతో ముందుకు తెచ్చి, దారంతో నాలుగు గట్టి చుట్లు వేసి కత్తిరించండి.

6. మెడ ఈక ఎంచుకోండి. కాడ మీద వంచి చూస్తే ఈనెకు రెండు పక్కలా ఉండే పోగులు హుక్కు నోటికి ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి. మొదట్లో నూగంతా పీకేయండి. ఈనె మొదలును ఊలుకు ముందు కట్టండి. ఈక నిగనిగలాడే వైపు బెజ్జం వైపు ఉంటే పోగులు వెనక్కి వాలతాయి.

7. మొసలి క్లిప్పుతో ఈక చివర పట్టుకుని, ముందు రెండు చుట్లు దగ్గరగా వేయండి. తర్వాత ఎడంగా ఐదారు చుట్లతో తోక దాకా వెళ్లండి. క్లిప్పును వేలాడనివ్వండి.

8. ఇప్పుడు వెనక ఆగి ఉన్న సన్నతీగను ఈక చుట్టిన దిశకు ఎదురు దిశలో తిప్పండి. మొదటి రెండు చుట్లు ఈక చివరను పట్టేయాలి. తర్వాత ఎడంగా ముందుకు తెండి. పోగులు తీగ కింద నలగకుండా సూదితో పక్కకు తప్పిస్తూ వెళ్లండి. తీగ ఈనెను అడ్డంగా దాటుతుంది కాబట్టి చేప పళ్లకు ఒకచోట ఈనె తెగినా మిగతా ఈక ఊడదు. చాలామంది ఈ తీగ ఎందుకులే అని మానేస్తారు, రెండో చేపకే ఈక విడిపోతుంది.

9. ముందు దారంతో తీగను నాలుగు చుట్లు బిగించండి. తీగను కత్తిరించకుండా అటూ ఇటూ ఊపితే మొదటంటా విరుగుతుంది, పదును మిగలదు. మిగిలిన ఈక చివర కత్తిరించండి.

10. దారంతో చిన్న తల, పెన్నుతో నాలుగు ముడులు, దారం కోత, సూది మొనతో ఒక చుక్క నెయిల్ పాలిష్. బెజ్జంలో పాలిష్ పడితే ఆరకముందే ఒక ఈక ముక్కను అందులోంచి లాగేయండి.

ఇదే ఫ్లైను, ఇదే రంగులో, వరసగా ఆరు కట్టాకే రెండోదానికి వెళ్లండి. రంగులు మార్చుతూ పోతే చెయ్యి కుదరదు.

7. రెండోది: తేలే ఫోమ్ పురుగు

హుక్కు సైజు 8 లేదా 10. ఫోమ్‌ను హుక్కు నోరంత వెడల్పు, రెండు వేళ్ల పొడవు పట్టీగా కోయండి.

1. కాడంతా దారం చుట్టి, దాని మీద ఫెవిక్విక్ చిన్న చుక్క. ఇది లేకపోతే ఒళ్లంతా కాడ చుట్టూ గిరగిరా తిరుగుతుంది.
2. పట్టీ కొసను వంపు దగ్గర కట్టండి, మిగతాది వెనక్కి వేలాడాలి. మొదటి రెండు చుట్లు మెత్తగా, తర్వాతివి గట్టిగా. మొదటి చుట్టే గట్టిగా లాగితే దారం ఫోమ్‌ను కోసేస్తుంది.
3. నల్ల ఊలు కాడ మీద చుట్టి, కాడలో మూడో వంతు ముందు వదిలి కట్టేయండి.
4. ఫోమ్‌ను వీపు మీదుగా ముందుకు మడిచి, ఊలు ఆగిన చోట కట్టండి. మరీ లాగి మడిస్తే తేలే గుణం తగ్గుతుంది.
5. రెండు పక్కలా ఒక్కో రబ్బరు ముక్క మధ్యలో కట్టండి, నాలుగు కాళ్లవుతాయి.
6. దారాన్ని ఫోమ్ కిందికి, బెజ్జం వెనక్కి తెచ్చి ముడులు వేయండి. ముందు మిగిలిన ఫోమ్‌ను తలలా కొంచెం ఉంచి కోయండి. వీపు మీద ఎర్ర ఫోమ్ ముక్క అతికిస్తే దూరం నుంచి మీకు కనిపిస్తుంది.

8. మూడోది: దారమే లేని నింఫ్

నింఫ్ అంటే నీటిలో పెరిగే పిల్లపురుగును పోలిన ఫ్లై. ఇది ఇంగ్లండ్‌లో ఏవన్ నది సంరక్షకుడిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ పద్ధతి. ఫెజంట్ అనే పక్షి తోక ఈక పోగులు, రాగి తీగ, ఇంకేం లేదు. మనం పుంజు తోక ఈక గోధుమరంగు పోగులతో చేద్దాం. హుక్కు సైజు 10.

సన్నతీగను కాడంతా చుట్టి, ముందు మూడో వంతులో రెండు మూడు పొరలతో చిన్న గూని చేయండి. తీగను వెనక్కి తెచ్చి, నాలుగు పోగుల చివర్లను అక్కడ కట్టండి. అరసెంటీమీటరు లోపు తోకలా మిగలాలి. ఇప్పుడు పోగుల్నీ తీగనీ కలిపి పురిపెట్టి బెజ్జం దాకా చుట్టండి. అక్కడ రెండిటినీ విడదీసి, తీగను గూని వెనక్కి తీసుకెళ్లి, పోగుల్ని గూని మీదుగా వెనక్కి మడిచి ఒక చుట్టుతో పట్టండి. మళ్లీ ముందుకు, మళ్లీ ఒక పట్టు. మిగిలినవి కోసి, తీగను నాలుగు చుట్లు దగ్గరగా వేసి విరిచేయండి.

9. తప్పు ఎక్కడ, సవరణ ఏమిటి?

- *తల కట్టడానికి చోటు లేదు:* ఊలు ఎక్కువ ముందుకు వచ్చింది. రెండు చుట్లు వెనక్కి విప్పి మళ్లీ కట్టండి. పైపైన దారం చుట్టి సర్దేస్తే బెజ్జం మూసుకుపోతుంది.
- *మధ్యలో దారం తెగింది:* టెన్షన్ పడొద్దు. తెగిన కొసకు వెంటనే మొసలి క్లిప్పు వేలాడదీయండి. దాని మీదుగా కొత్త దారం పట్టించి కొనసాగండి.
- *దారం మాటిమాటికీ తెగుతోంది:* హుక్కు మొనకు రాసుకుంటోంది. మొనను ప్లయర్ దవడల్లో దాచేలా హుక్కు మార్చి పెట్టండి.
- *తోక హుక్కు వంపు చుట్టూ మెలిపడుతోంది:* తోక పొడవైంది. కత్తెరతో కాకుండా వేళ్లతో చివర్లు గిల్లేయండి, మెత్తగా ఉంటుంది.
- *ఈక చుట్టేటప్పుడు ఈనె విరుగుతోంది:* ఈక ఎండిపోయింది. పదినిమిషాలు తడిగుడ్డలో ఉంచండి.

10. నీళ్లలోకి

ముందు బకెట్లో చూడండి. బగ్గర్ వెంటనే మునగాలి, తోక కదలాలి. పురుగు వీపు పైకి ఉండేలా తేలాలి. బోల్తా పడితే కింద ఊలు తక్కువైనట్టు, ఇంకో పొర వేయండి.

ఫ్లైలు విసిరే ప్రత్యేక కర్ర, ఫ్లై రాడ్, లేకపోయినా మొదలుపెట్టవచ్చు. పొడవాటి వెదురు కర్ర చివర కర్రంత లైన్ కట్టి దగ్గర్లో వేయవచ్చు. రీలుతో వాడే మామూలు స్పిన్నింగ్ రాడ్ ఉంటే, లోపల నీళ్లు నింపే ప్లాస్టిక్ బబుల్ ఫ్లోట్ పెట్టి, దానికి మీటరు దూరంలో ఫ్లై కట్టండి. బగ్గర్‌ను జానెడు జానెడు లాగి ఆపుతూ ఉండాలి. పురుగును పడ్డాక కదపకుండా ఉంచి, అలలు ఆగాక ఒక్కసారి మెల్లగా కుదపాలి. నింఫ్‌ను పారే నీటికే వదిలేయాలి.

మన చెరువుల్లో, వాగుల్లో చేదపలు, పరిగెలు పురుగుకు పైకొస్తాయి. తిలాపియా, మట్టగిడస బగ్గర్‌కు పడతాయి. బొచ్చె ప్రధానంగా నీటిలోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకు తినే చేప, దానికోసం ఫ్లై కట్టడం శ్రమ దండగ. కొర్రమీనుకు ఇంతకంటే పెద్ద, బలమైన హుక్కు కావాలి. నీటిపైన పిల్లల గుంపుతో తిరిగే కొర్రమీను కనిపిస్తే మాత్రం వదిలేయండి. దాన్ని పడితే ఆ పిల్లలకు కాపలా ఉండదు.

చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది, అడిగి అనుమతి తీసుకున్నాకే గాలం వేయండి. హిమాచల్‌లో ట్రౌట్ చేప కోసం వెళ్తే లైసెన్సు తీసుకోవాలి. అమెరికాలో ఉన్నవాళ్లు ఏ రాష్ట్రంలో పడితే ఆ రాష్ట్రం నిబంధనలు చూసుకోండి. ఈ మూడు ఫ్లైలకూ అక్కడి బ్లూగిల్ చేప బాగా పడుతుంది.

ఇంటికి వచ్చాక తడి ఫ్లైలను డబ్బాలో పెట్టి మూయొద్దు. రాత్రంతా పేపరు మీద ఆరనిచ్చి, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి డబ్బాలో వేయండి. పాడైన ఫ్లైలను కూడా పారేయకండి. హుక్కును ప్లయర్‌కు బిగించి, పాత బ్లేడుతో కాడ వెంబడి, మీ చేతికి అవతలివైపుగా, దారం మొత్తం కోసేస్తే సామాను ఊడొస్తుంది. మొనకు తుప్పు లేకపోతే దాని మీదే మళ్లీ కట్టవచ్చు.